పురుగు చేనంతా ఉంది, సాలీడు గట్టుమీదే ఎందుకుంది?

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దోవలో కార్తీకం వచ్చేసరికి పత్తి విచ్చుకుంటుంది. మంచు పడిన తెల్లవారుజామున ఏదో ఒక చేను గట్టెక్కి చూడండి. గెనిమమీది గడ్డిలో జానెడు, మూరెడు వెడల్పున తెల్లటి పరదాలు పరచి కనిపిస్తాయి. ఒక్కో పరదా ఒక మూలన సన్నబడి గొట్టంలా గడ్డి మొదట్లోకో, నేల బీటలోకో దిగిపోతుంది. ఆ గొట్టం నోట్లో ముందుకాళ్లు చాపి సాలీడు కూర్చుని ఉంటుంది. ఇక చేను నడుమకు పోయి ఆకులు తిప్పి చూడండి. పచ్చదోమ, పేనుబంక, తెల్లదోమ అన్నీ అక్కడే ఉన్నాయి. సాలీళ్లు మాత్రం గట్టుమీద కనిపించినంతగా కనిపించవు.

సాలీడు పురుగులు తిని బతికేది. పురుగు చేనంతా పరుచుకుని ఉంటే, అది గట్టునే పట్టుకుని ఎందుకు కూర్చుంటుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే, ఏ నేలలో ఏ సాలీళ్లు కలిసి కాపురముంటాయో, మందు కొట్టిన చేనిలో పురుగు మళ్లీ ఎందుకు విజృంభిస్తుందో కూడా తెలిసిపోతుంది.

తిండికన్నా ముందు తావు

ప్రపంచంలో ఇప్పటిదాకా పేర్లు పెట్టిన సాలీడు జాతులు 50,000 దాటాయి. దాదాపు అన్నీ వేటాడి తినేవే. 2017లో మార్టిన్ నైఫెలర్, క్లాస్ బిర్క్‌హోఫర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేసిన అంచనా ప్రకారం భూమ్మీది సాలీళ్లన్నీ కలిసి ఏడాదికి 40 నుంచి 80 కోట్ల టన్నుల ప్రాణుల్ని తింటాయి. అందులో ఎక్కువ భాగం పురుగులే.

ఇంత తిండిపోతు జాతికి తిండే మొదటి అవసరమని అనుకుంటాం. అయితే సాలీడు శరీరం చాలా పొదుపుగా నడుస్తుంది. కదలకుండా కాచుకుని కూర్చునే జీవి కాబట్టి దానికి ఖర్చు తక్కువ. దొరికిన రోజున కడుపు ఉబ్బేలా తిని, వారాల తరబడి పస్తుండగలదు. నీడ లేకుండా మాత్రం మే నెల ఎండలో ఒక్క మధ్యాహ్నం కూడా నెగ్గుకురాలేదు. ఆకలి దానికి నెమ్మదిగా వచ్చే ముప్పు. ఎండ, గాలి, తొండ, కందిరీగ, తనకన్నా పెద్ద సాలీడు అప్పటికప్పుడే చంపే ముప్పులు.

కాబట్టి సాలీడు చోటు ఎంచుకునేటప్పుడు నాలుగు సంగతులు కలిసిరావాలి. గూడు కట్టేదైతే దారాలు తగిలించుకోవడానికి కదలని ఆధారాలు కావాలి. పగలు తలదాచుకోవడానికి నీడ, చెమ్మ కావాలి. గుడ్లసంచి దాచడానికి మరుగు కావాలి. శత్రువు వస్తే దూరడానికి సందు కావాలి. ఈ నాలుగూ ఉన్నచోట తిండి కాస్త తక్కువైనా సర్దుకుంటుంది. ఇవి లేనిచోట పురుగు రాశులుగా ఉన్నా నిలవదు.

దీన్ని కొలిచి చూపినవాళ్లున్నారు. అమెరికా శాస్త్రజ్ఞుడు మాథ్యూ గ్రీన్‌స్టోన్ గూడు కట్టే సాలీళ్ల మీద చేసిన పరిశోధనను 1984లో ప్రచురించారు. ఒకచోట ఎన్ని రకాల సాలీళ్లుంటాయో అక్కడ దొరికే ఆహారాన్ని బట్టి చెప్పవచ్చా, లేక మొక్కల అమరికను బట్టి చెప్పవచ్చా అని ఆయన చూశారు. మొక్కల అమరికే నెగ్గింది. ఎత్తుపల్లాలుగా, రకరకాల కొమ్మలూ ఆకుల కొనలూ ఉన్నచోట ఎక్కువ రకాల సాలీళ్లు కనిపించాయి.

చేను నడుమ ఒకే పంట, ఒకే ఎత్తు. సాళ్ల మధ్య గుంటక తోలి నున్నగా చేసిన నేల. గట్టుమీద మాత్రం గడ్డి, పొదలు, ఎండుటాకు, రాళ్లు, బీటలు అన్నీ ఉంటాయి. గుంటక అక్కడికి పోదు. సాలీడు లెక్కలో గట్టే ఊరు, చేను దానికి పొలం.

చలిదేశపు నాచు చెప్పిన పాఠం

ఇదే సూత్రాన్ని మన నేలకు పూర్తిగా విరుద్ధమైన నేలలో కూడా చూడవచ్చు. యూరప్, కెనడా, రష్యాల ఉత్తర భాగాల్లో పీట్ నేలలున్నాయి. ఏడాది పొడుగునా నీరు నిలిచే ఆ పల్లాల్లో స్ఫాగ్నం అనే నాచు పెరుగుతుంది. పైన నాచు పెరుగుతూ పోతుంది, కిందిది చచ్చిపోతుంది. నీటిలో గాలి ఆడదు, నీళ్లు పుల్లగా ఉంటాయి కాబట్టి చచ్చిన నాచు కుళ్లదు. వేల ఏళ్ల పాటు పేరుకుని మీటర్ల మందాన నల్లటి పొర అవుతుంది. అదే పీట్. పైపైన చూస్తే అక్కడ నాచు, కొద్దిపాటి పొదలు తప్ప మరేమీ కనబడవు. కానీ సాలీళ్ల రకాలకు కొదవ లేదు.

1951లో ఎడ్విన్ నోర్‌గార్డ్ అనే పరిశోధకుడు డెన్మార్క్‌లోని అలాంటి నాచు నేలలో రెండు సాలీడు జాతుల మీద చేసిన పరిశోధనను ప్రచురించారు. రెండూ తోడేలు సాలీళ్ల కుటుంబానివే. గూడుమీద ఆధారపడకుండా పరుగెత్తి వేటాడే రకాలు. ఒకటి పిరాటా, రెండోది ఇప్పుడు పార్డోసా అని పిలిచే జాతి. రెండూ ఒకే నాచులో ఉన్నట్టు కనిపిస్తాయి. థర్మామీటరు పెట్టి చూస్తే రెండూ వేరువేరు లోకాల్లో ఉన్నాయని తేలింది.

నాచు పైపొరలో పగలు ఎండ మాడ్చేస్తుంది, రాత్రి చలి కొరికేస్తుంది. అక్కడికి కొన్ని అంగుళాల కింద, నాచు కాడల నడుమ, వేడి పెద్దగా మారదు. గాలిలో తేమ నిండుగా ఉంటుంది. పార్డోసా పైపొరలో తిరుగుతుంది, వేడికి తట్టుకుంటుంది. పిరాటా కాడల మధ్య చల్లటి తేమలో బతుకుతుంది. ఎక్కువ వేడి తగిలితే పార్డోసా కన్నా ముందుగానే సొమ్మసిల్లుతుంది. అయితే పిరాటా గుడ్లు పొదగాలంటే వెచ్చదనం కావాలి. అందుకని తల్లి నాచులో నిలువుగా పట్టు గొట్టం కట్టుకుని, దాని పైనోటికి వచ్చి, తాను నీడలోనే ఉండి గుడ్లసంచిని మాత్రం ఎండకు చూపుతుంది.

కొన్ని అంగుళాల లోతులో రెండు వాతావరణాలు, రెండు జాతులు. ఒకే జాతి తన జీవితంలో రెండు పొరలనూ వాడుకునే ఉపాయం. నాచును చదును చేస్తే, లేదా నీరు తోడేస్తే పురుగులున్నా ఈ అమరిక పోతుంది. తేమను నమ్ముకున్న జాతులు తొలగిపోతాయి, ఎక్కడైనా బతికే మొండి జాతులు మిగులుతాయి.

నల్లరేగడి నెర్రెల్లో నీడ

ఇప్పుడు ఆదోని రెవెన్యూ డివిజన్‌కు వద్దాం. కర్నూలు, అనంతపురం ప్రాంతాలను వ్యవసాయ శాస్త్రజ్ఞులు అల్ప వర్షపాత మండలం అంటారు. ఏడాదికి 500 నుంచి 750 మిల్లీమీటర్లు వాన పడే నేల ఇది. ఆ వానలోనూ నడుమ నడుమ బెట్ట. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కప్పులేని నల్లనేల పైపొర గాలికన్నా ఇంకా వేడెక్కుతుంది.

ఇలాంటిచోట చెమ్మను నమ్ముకున్న ప్రాణి ఎట్లా బతుకుతుంది? నల్లరేగడే దానికి దారి చూపుతుంది. ఈ మట్టిలో స్మెక్టైట్ అనే రకం బంకమన్ను ఎక్కువ. దాని రేణువులు పలుచని పొరలు పొరలుగా ఉంటాయి. వాన పడితే నీరు ఆ పొరల మధ్యకు చేరి మట్టి ఉబ్బుతుంది. ఎండితే నీరు బయటికి పోయి మట్టి కుంచించుకుపోతుంది. కుంచించుకుపోయిన మట్టికి అంత నేలనూ కప్పే కొలత చాలదు, అది చీలుతుంది. అవే నెర్రెలు. అర మీటరు లోతు నెర్రెలు ఈ నేలలో మామూలు. కొన్నిచోట్ల మీటరు దాకా దిగుతాయి.

రైతుకు నెర్రె అంటే వేరు తెగడం, చెమ్మ ఆవిరైపోవడం. సాలీడుకు అదే ఇల్లు. పైన నేల కాలిపోతున్నా నెర్రె లోపలికి ఎండ నేరుగా పడదు, గాలి తాకిడి తక్కువ, లోతున్న మట్టిలో ఇంకా కొంత చెమ్మ ఉంటుంది. తోడేలు సాలీళ్లు పగలు ఇందులో దాగి పొద్దు వాలాక వేటకు బయటపడతాయి. మొదట్లో చెప్పిన గొట్టం గూళ్లు కట్టే సాలీడు హిప్పాసా అనే రకం. అది కూడా తోడేలు సాలీళ్ల కుటుంబానిదే, గూడు కట్టడం నేర్చిన శాఖ. దాని పరదా పైనుంటుంది, గొట్టం గడ్డి మొదట్లోకి, బీటలోకి దిగుతుంది. పరదామీద పురుగు పడితే దారం అదురుతుంది. అది బయటికొచ్చి పట్టుకుని మళ్లీ లోపలికి లాక్కుపోతుంది.

డెన్మార్క్ నాచులో పైన ఎండ, కింద చెమ్మ. ఆదోని రేగడిలోనూ పైన ఎండ, కింద చెమ్మ. నేలలు వేరు, దేశాలు వేరు. సాలీళ్లు వెతుక్కునేది ఒక్కటే: దగ్గరదగ్గరగా రెండు వాతావరణాలు దొరికే చోటు.

బాక్స్: కాలు చాపాలన్నా నీరే

చచ్చిన సాలీడు కాళ్లన్నీ కడుపు కిందికి ముడుచుకుని ఉండటం అందరూ చూసిందే. కారణం దాని కాళ్ల నిర్మాణంలో ఉంది. కాలు ముడవడానికి సాలీడుకు కండరాలున్నాయి. ముఖ్యమైన రెండు కీళ్ల దగ్గర చాపడానికి కండరాలు లేవు. శరీరం ముందుభాగాన్ని బిగించి లోపలి ద్రవాన్ని కాళ్లలోకి ఒత్తిడితో నెడుతుంది. ఆ ఒత్తిడికే కాలు చాచుకుంటుంది. దూకే సాలీళ్లు తమ ఒంటి పొడవుకు ఎన్నో రెట్ల దూరం ఎగరడం వెనుక ఉన్నది కూడా ప్రధానంగా ఈ ఒత్తిడే.

ఒంట్లో నీరు తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే కాళ్లు సరిగా చాచుకోవు, నడక తడబడుతుంది, వేట తప్పుతుంది. సాలీడు చిన్నది కావడం వల్ల ఒంట్లో నీరు కొంచెం, ఆవిరయ్యే చర్మం ఎక్కువ. ఊపిరి తీసే రంధ్రాల నుంచి కూడా తేమ పోతుంది. అందుకే దానికి నీడ, చెమ్మ ప్రాణావసరం.

ఒక్క మొక్క, ఎన్నో వాటాలు

ఒకచోట కలిసి బతికే జాతులన్నిటినీ కలిపి శాస్త్రజ్ఞులు జీవసముదాయం అంటారు. దక్షిణ భారత పత్తిచేలలో కనిపించే సాలీడు సముదాయాన్ని కిందినుంచి పైకి చూస్తే ఎవరి వాటా వారికి ఉన్నట్టు తెలుస్తుంది.

నేలమీద తోడేలు సాలీళ్లు. మట్టిరంగులో కలిసిపోయి పరుగెత్తే వేటగాళ్లు. నేలమీద పాకే పురుగుల్ని, మొక్కనుంచి కిందపడిన లద్దెపురుగుల్ని పట్టుకుంటాయి. తల్లి గుడ్లసంచిని వెనుక భాగానికి తగిలించుకుని తిరుగుతుంది. పిల్లలు పుట్టాక వీపుమీద మోసుకుపోతుంది.

ఆకులమీద, కొమ్మలమీద లింక్స్ సాలీళ్లు. ఆక్సియోపిస్, ప్యూసీషియా అనే రకాలు. కాళ్లనిండా నిటారుగా ముళ్ల వెంట్రుకలుంటాయి. ప్యూసీషియా ఆకుపచ్చగా ఉండి ఆకులో కలిసిపోతుంది. ఇవి గూడు కట్టవు. ఆకునుంచి ఆకుకు దూకుతూ పచ్చదోమనూ, చిన్న లద్దెపురుగునూ, రెక్కల పురుగునూ పట్టుకుంటాయి. ఎప్పుడూ పత్తి మొక్కమీదే వేటాడుతుంటాయి కాబట్టి రైతుకు బాగా పనికొచ్చే సాలీళ్లలో ఇవి ముఖ్యమైనవి. వీటితోపాటే పెద్ద కళ్లతో చూపు పదునుగా ఉండే దూకే సాలీళ్లు.

పువ్వులో పీత సాలీడు. థోమిసస్ అనే రకం. ముందుకాళ్లు చాపి రేకుల నడుమ కదలకుండా కూర్చుంటుంది. తేనెకోసం వచ్చిన ఈగను పట్టేస్తుంది. అందులో తేనెటీగ కూడా ఉండవచ్చు. సాలీడుకు రైతు మిత్రులు, శత్రువులు అన్న తేడా లేదు.

మొక్కల నడుమ ఖాళీలో చక్రం గూళ్లు అల్లే నియోస్కోనా వంటివి. పగలు మడిచిన ఆకులో దాగి, మునిచీకటివేళ గూడు అల్లడం మొదలుపెడతాయి. ఎగిరే రెక్కల పురుగులు, దోమలు వీటి వాటా. ఇలాంటి సాలీళ్లు చాలావరకు పాత గూడు దారాన్ని తినేసి, ఆ మాంసకృత్తులతోనే కొత్త దారం తీస్తాయి.

తుంగభద్ర దిగువ కాలువ నీరు పారే ఆయకట్టుకు దిగితే అంతా మారుతుంది. వరిమడిలో నీరు నిలుస్తుంది, నెర్రెలుండవు. అక్కడ నీటిమీద కూడా పరుగెత్తగల తోడేలు సాలీడు, వరి ఆకుకు ఒళ్లంతా నిలువుగా చాపి పడుకునే పొడుగు దవడల సాలీడు రాజ్యమేలుతాయి. వరిలోని ఈ తోడేలు సాలీడు రోజుకు 5 నుంచి 15 పురుగులు తింటుందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నిపుణులు రాశారు. కాలువ గట్టుకు ఒకవైపు ఒక సముదాయం, రెండోవైపు మరొకటి. నడుమ దూరం కొన్ని బారలే.

కంచెమీది ఉమ్మడి కాపురం

పైన చెప్పినవన్నీ ఒంటరివాళ్లు. పక్క సాలీడు కనిపిస్తే తినడమో, తప్పుకోవడమో తప్ప కలిసి ఉండవు. 50,000 పైచిలుకు జాతుల్లో శాశ్వతంగా గుంపు కట్టి బతికేవి పాతిక లోపే. వాటిలో ఒకటి మన మెట్ట పొలాల కంచెలమీద ఉండే స్టెగోడైఫస్ సారాసినోరం. రేగు, తుమ్మ కంపల్లో దుమ్ము పట్టిన బూడిదరంగు దారపు ముద్ద, దాంట్లో ఎండుటాకులు, పురుగుల డొక్కలు, చుట్టూ చిందరవందరగా పరుచుకున్న వలలు కనిపిస్తే అది దీని గూడే. లోపల పదుల్లో, వందల్లో సాలీళ్లుంటాయి. ఎన్. ఎస్. జంబునాథన్ 1905లోనే దీని జీవితచరిత్ర రాస్తే స్మిత్సోనియన్ సంస్థ ప్రచురించింది. తరువాతి కాలంలో కుప్పం పరిసరాల గూళ్లమీద డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేశారు.

దీని వలలో జిగురు ఉండదు. వెనుక కాలిమీద ఉన్న దువ్వెనవంటి వెంట్రుకలతో దారాన్ని దువ్వి, ఏకిన దూదిలా నూగుగా చేస్తుంది. పురుగు కాళ్ల ముళ్లు, వెంట్రుకలు ఆ నూగులో చిక్కుకుంటాయి. జిగురు ఎండిపోతే పనికిరాదు. నూగు ఎండినా పనిచేస్తుంది. వాన తక్కువైన సీమకు తగిన వల.

ఒక్క సాలీడుకు లొంగని పెద్ద మిడత వలలో పడితే పదీ ఇరవై కలిసి దాన్ని అణచి, పంచుకుని తింటాయి. పిల్లల పెంపకం కూడా ఉమ్మడే. పెద్ద ఆడవి తమ కడుపులోని ద్రవాన్ని కక్కి పిల్లలకు తాపిస్తాయి. చివరికి తమ ఒంటినే తిండిగా ఇచ్చి చనిపోతాయి. గూటిలో మగవి కొద్ది, ఆడవి ఎక్కువ. తరతరాలుగా ఒకే గూటి లోపలే జతకట్టడం వల్ల వాటిలో జన్యు వైవిధ్యం బాగా తక్కువ. రోగమో, పరాన్నజీవో వస్తే గూడు గూడంతా తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది.

ఇలాంటి గూడు పత్తిమొక్కమీద ఎందుకు నిలవదు? పత్తి ఏడాదికోసారి పెరికేసే పంట. ఉమ్మడి గూడుకు ఏళ్లతరబడి కదలని కొమ్మ కావాలి. ముళ్లకంచె ఉన్నంతకాలం ఆ కాపురం ఉంటుంది. కంచె తీసి ఇనుప తీగ లాగినరోజు పోతుంది.

బాక్స్: గుత్తిలో దొరికి, నల్లమలలో బతికే నీలి సాలీడు

ఆదోని, గుంతకల్లుల మీదుగా పోయే రైలుమార్గంలోనే గుత్తి ఉంది. అక్కడి రైల్వే కట్టెల డిపోలో దొరికిన ఒకే ఒక్క సాలీడును చూసి 1899లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఆర్. ఐ. పోకాక్ దానికి పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టారు. మెరిసే నీలిరంగు, కాళ్లమీద పసుపు మచ్చలు. తరువాత నూరేళ్ల పాటు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. గుత్తికి అది కట్టెలతోపాటు రైలెక్కి వచ్చి ఉంటుందని నిపుణుల ఊహ.

అది పెద్దచెట్ల తొర్రల్లో బతికే సాలీడు. చెట్టు నరికితే తొర్ర పోతుంది, తొర్ర పోతే అది ఉండదు. 2008లో దాన్ని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. పెంపుడు జంతువుల అంగళ్లలో దానికి గిరాకీ ఉంది. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్నీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు. ఈ సాలీడు నీలం రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు. వెంట్రుకల లోపలి అతిసూక్ష్మ నిర్మాణం వెలుగులోని నీలాన్ని మాత్రమే తిప్పికొట్టడం వల్ల వచ్చింది.

ఏటేటా కొత్తగా చేరిక

పత్తి పీకేశాక చేను ఖాళీ. ఎండాకాలం దుక్కి దున్నితే నెర్రెలు పూడుతాయి, దాగినవి కొన్ని చస్తాయి, కొన్ని పారిపోతాయి. జూన్, జూలైలో విత్తనం పడి మొలక లేచేనాటికి చేను సాలీళ్లకు దాదాపు కొత్త ఊరు. అక్కడికి చేరడానికి వాటికి రెండు దార్లున్నాయి.

ఒకటి నడక. తోడేలు సాలీళ్లు గట్టునుంచి సాళ్లలోకి పాకుతాయి. చేను పెద్దదైన కొద్దీ నడుమకు చేరడానికి ఆలస్యమవుతుంది.

రెండోది గాలి. పిల్ల సాలీడు గడ్డికొన ఎక్కి, కాళ్లమీద ఒళ్లు పైకెత్తి, వెనుకనుంచి సన్నటి దారాలు గాలిలోకి వదులుతుంది. దారం పట్టుకుని గాలి దాన్ని లేపుకుపోతుంది. 1832లో చార్లెస్ డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడ తీరానికి 60 మైళ్ల దూరంలో ఉండగా దాని తాళ్లమీద వేల పిల్ల సాలీళ్లు వచ్చి వాలాయి. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలి దీవిలో జీవం తుడిచిపెట్టుకుపోయాక, 1884 మేలో వెళ్లినవారికి అక్కడ కనిపించిన ప్రాణి ఒక చిన్న సాలీడు. సాలీళ్లు ఇలా పైకి లేవడానికి గాలి ఒక్కటే కారణం కాదని 2018లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరికా మోర్లీ, డేనియల్ రాబర్ట్ చూపించారు. గాలి లేని పెట్టెలో వాతావరణంలో ఉండేంత విద్యుత్ క్షేత్రం పెడితే సాలీళ్లు దారం వదిలి పైకి లేచాయి.

గాలిలో వచ్చింది ఎక్కడ దిగాలో ఎంచుకోలేదు. దిగాక నిలవాలా, మళ్లీ ఎగిరిపోవాలా అన్నది మాత్రం దాని చేతిలో ఉంది. నీడా ఆధారమూ దొరికితే నిలుస్తుంది. లేకపోతే మళ్లీ గడ్డికొన ఎక్కుతుంది. చేనిలో సాలీళ్ల సంఖ్యను తేల్చేది ఈ రెండో మెట్టే.

మందు కొట్టాక ఎవరు ముందు తిరిగొస్తారు?

ఒకే మందు పురుగునూ సాలీడునూ చంపితే లెక్క సమానమే కదా అనిపిస్తుంది. తరువాతి రోజులు చూస్తేనే తేడా తెలుస్తుంది. పేనుబంకలో ఆడది గుడ్లు పెట్టకుండానే నేరుగా పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు వారం పదిరోజుల్లో మళ్లీ కంటాయి. తెల్లదోమకు తరం మూడు నాలుగు వారాలే. చాలా సాలీళ్లకు ఏడాదికి ఒకటి రెండు తరాలే. పైగా పరుగెత్తి వేటాడే సాలీడు మందు పడిన ఆకులమీద, నేలమీద రోజంతా తిరుగుతుంది, మందు తగిలిన పురుగునే తింటుంది. అందుకే మందు తరువాత పురుగు ముందు లేస్తుంది, కాపలాదారు చాలా వెనుకగా వస్తాడు. ఆ నడుమ కాలం పురుగుది.

వరిలో దీన్ని పీటర్ కెన్‌మోర్, ఆయన సహచరులు ఫిలిప్పీన్స్‌లో చూపించి 1984లో ప్రచురించారు. మందు కొట్టని మళ్లలో సాలీళ్లు, ఇతర వేటపురుగులు సుడిదోమను అదుపులో ఉంచాయి. మందు కొట్టిన మళ్లలోనే అది విజృంభించింది. మన పత్తిలో 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ విరుచుకుపడినప్పుడు సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల మితిమీరిన వాడకం ముఖ్య కారణాల్లో ఒకటని శాస్త్రజ్ఞులు తేల్చారు.

2002లో బీటీ పత్తి వచ్చాక కాయతొలుచు పురుగులకు కొట్టే మందు తొలి ఏళ్లలో తగ్గింది. బీటీ విషం రసం పీల్చే పురుగులమీద పనిచేయదు కాబట్టి వాటికి మందు ఆగలేదు. తరువాత గులాబీ రంగు పురుగు బీటీకే అలవాటుపడింది. ఇక్కడ సాలీళ్ల హద్దు కూడా చెప్పాలి. గులాబీ రంగు పురుగు గుడ్డునుంచి బయటపడగానే మొగ్గలోకో, కాయలోకో దూరిపోతుంది. లోపలికి పోయాక దాన్ని ఏ సాలీడూ అందుకోలేదు. రెక్కల పురుగు దశలో, కాయలోకి దూరే ముందు కొద్దిసేపు మాత్రమే దానికి చిక్కుతుంది. సాలీళ్లు పురుగు పెరుగుదలను మందగింపజేస్తాయి. పురుగును పూర్తిగా లేకుండా చేస్తాయని ఆశించడం తప్పు.

గట్టును ఏం చేయాలి?

చోటు చూపిస్తే సాలీళ్లు వస్తాయా, వచ్చినవి పంటకు మేలు చేస్తాయా? అమెరికాలో సుసాన్ రీకర్ట్, లెస్లీ బిషప్ కూరగాయల మళ్లలో ఇదే పరీక్షించి 1990లో ప్రచురించారు. నేలమీద ఎండుగడ్డి పరిచిన మళ్లలో సాలీళ్లు పెరిగాయి, పురుగుల వల్ల నష్టం తగ్గింది. అలాంటి మళ్లలోనుంచే సాలీళ్లను ఏరి తీసేసినప్పుడు నష్టం మళ్లీ పెరిగింది. మేలు చేసింది గడ్డి కాదు, గడ్డిలో చేరిన సాలీళ్లని అట్లా రుజువైంది.

అదే సూత్రం ఆదోని, ఎమ్మిగనూరు చేలకు పెడితే కొన్ని పనులు తేలుతాయి. పత్తి చుట్టూ మూడు నాలుగు సాళ్లు జొన్నో, సజ్జో వేయమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పేది పురుగు అడ్డుకట్ట కోసమే అయినా, ఆ ఎత్తైన సాళ్లు సాలీళ్లకు తావు కూడా ఇస్తాయి. పత్తి నడుమ కందో, కొర్రో వేస్తే చేనికి రెండు మూడు ఎత్తులు వస్తాయి. రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను ఆకుతో, ఎండుగడ్డితో కప్పి ఉంచే పద్ధతి ఉంది. ఎండాకాలం చివర నేలమీద నీడ నిలపడానికి అది దారి.

రెండు జాగ్రత్తలున్నాయి. సాలీళ్లకు ఇల్లవుతుందని పత్తి కట్టెను చేలోనే వదలకూడదు. ఎండుకాయల్లో గులాబీ రంగు పురుగు దాగి మరుసటి ఏటికి కాచుకుంటుంది. పంట అయిపోగానే కట్టె తీసి నాశనం చేయాల్సిందే. గట్టుమీద అన్ని కలుపులూ ఉంచకూడదు. వయ్యారిభామ, తుత్తురబెండ వంటివి పిండినల్లికి ఆశ్రయమిస్తాయి, వాటిని పీకేయాలి. గరిక, చెంగలి వంటి గడ్డినీ, రేగుకంపనూ ఉంచాలి.

మందు కొట్టే ముందు ఆకులు తిప్పి పురుగుల్ని లెక్కబెట్టే అలవాటు ఉన్న రైతు అదే మొక్కమీద సాలీళ్లనూ లెక్కబెట్టాలి. పురుగు ఆర్థిక నష్ట స్థాయికి చేరకపోతే, సాలీళ్లు కనిపిస్తుంటే, కొన్ని రోజులు ఆగి మళ్లీ చూడటం నష్టం కాదు. సందేహం ఉంటే ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడి శాస్త్రజ్ఞులను అడగవచ్చు. అడిగినా అడగకపోయినా ఒక పని మాత్రం ఖర్చు లేకుండా ఈ ఏడే మొదలుపెట్టవచ్చు: ఎండాకాలంలో గెనిమమీది గడ్డికి నిప్పు పెట్టకండి. వచ్చే ఖరీఫ్‌కు చేనిలోకి దిగాల్సిన సాలీళ్లు ఆ గడ్డిలోనే ఉన్నాయి.